అమ్మమ్మ ఇల్లు అమ్మేస్తున్నారు, నేనేం చేయాలి?

ప్రశ్న: నా వయసు 42. అమ్మమ్మ పోయి మూడేళ్లయింది. అప్పటినుంచీ ఆ ఇంటికి తాళమే. మామయ్యా అత్తయ్యా కొడుకు దగ్గర ఉంటున్నారు. ఇప్పుడు ఇంటికి బేరం కుదిరింది, రెండు నెలల్లో అప్పగించాలట. కొన్నవాళ్లు పడగొట్టి కొత్తది కట్టుకుంటారట. చిన్నప్పుడు నా సెలవులన్నీ అక్కడే గడిచాయి. ఈ కబురు విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. మావారు "నువ్వు ఉండని ఇంటి కోసం ఏడుపేమిటి?" అంటున్నారు. అన్నయ్యతో చెప్పుకుందామంటే అదో గొడవయింది. చెక్క మెట్ల మీంచి నేను జారిపడితే అమ్మమ్మ రాత్రంతా నన్ను ఒళ్లోనే పడుకోబెట్టుకుంది. నాకు బాగా గుర్తు. అన్నయ్యేమో "పడ్డది నువ్వు కాదు, నేను" అంటాడు. అత్తయ్య అయితే "హమ్మయ్య, భారం దిగింది" అంది. ఆ రోజు నుంచి ఆమెతో మాట్లాడటం మానేశాను. మామయ్యని ఎలాగైనా ఒప్పించి అమ్మకం ఆపించాలని ఉంది. అన్నిటికన్నా పెద్ద భయం ఇంకొకటుంది. అమ్మమ్మ గొంతు ఎంత ప్రయత్నించినా గుర్తుకు రావడం లేదు. ఆ తరంలో ఇప్పుడు మిగిలింది చిన్నమ్మమ్మ ఒక్కతే. ఇల్లు కూడా పోతే అమ్మమ్మ రెండోసారి పోయినట్టే అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీవారి ప్రశ్నకు మీరు జవాబు వెతుక్కోనక్కర్లేదు. ఇంటి మీద దిగులును 1688లో యోహానెస్ హోఫర్ అనే స్విస్ వైద్య విద్యార్థి ఒక జబ్బు కిందే లెక్కగట్టాడు. 'ఇంటికి తిరిగి రావడం', 'నొప్పి' అనే అర్థాలున్న రెండు గ్రీకు మాటలు కలిపి దానికి నాస్టాల్జియా అని పేరు పెట్టాడు. ఆ తర్వాత చాలాకాలం వైద్యులు దాన్ని రోగంగానే చూశారు. ఇవాళ అలా చూసేవాళ్లు లేరు. మనవాళ్లు దానికి ఏనాడో 'బెంగ' అని పేరు పెట్టుకున్నారు. బెంగ పెట్టుకున్న పిల్లని ఎవరూ కారణం అడగరు, దగ్గరికి తీసుకుంటారు. మిమ్మల్ని మీరు కూడా కొన్నాళ్లు అలాగే చూసుకోండి.

అయితే అమ్మకం ఆపించే ప్రయత్నం మాత్రం వద్దు. ఇది మీకు నచ్చదని తెలిసే చెబుతున్నాను. మీరు అక్కడికి వెళ్లి ఉండలేరు. మామయ్యా ఉండలేరు. మనిషి మసలని ఇల్లు చూస్తుండగానే పాడైపోతుంది. కప్పు కారుతుంది, వాసాలకు చెద పడుతుంది, తలుపులు ఉబ్బి బిగుసుకుపోతాయి. ఇంకో అయిదేళ్లు తాళం వేసి ఉంచినా మీరు దాచుకునేది మీకు గుర్తున్న ఇంటిని కాదు, దాని శిథిలాన్ని. ఈ రెండు నెలలూ ఆ వాదనలో కరిగిపోతే మిగలగలిగింది కూడా మిగలదు.

మిగలగలిగింది ఏమిటో చెప్పాలంటే మా నాయనమ్మ ఇంటి సంగతి చెప్పాలి. ఆ ఇల్లు చేతులు మారేనాటికి నాకు 29 ఏళ్లు. సామాన్లు పంచుకునే రోజున నేను ఆవిడ చెక్కపెట్టె కోసం పట్టుబట్టాను. మా బాబాయి కూతురితో మాటా మాటా వచ్చింది కూడా. చివరికి పెట్టె నాకే దక్కింది, ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. కానీ ఆ రోజు నేను చూసీ పట్టించుకోనిది ఒకటుంది. కొట్టుగది తలుపు వెనకవైపు, మనిషి భుజమెత్తులో, వరసలు వరసలుగా సన్నటి గీతలు ఉండేవి. మేకుతో గీసినట్టుండేవి. ఇంటి ఖర్చుల లెక్క కాబోలు అనుకునేవాళ్లం. తలుపు ఇంటితోపాటే పోయింది. నాలుగేళ్ల తర్వాత నాయనమ్మ చెల్లెలు మాటల మధ్యలో చెప్పింది: తాతయ్య దూరాన ఉద్యోగం చేసిన రోజుల్లో ఆయన దగ్గరనుంచి ఉత్తరం వచ్చినప్పుడల్లా మా నాయనమ్మ అక్కడ ఒక గీత గీసేదట. ఆవిడకు చదువు రాదు. ఉత్తరం ఎవరో చదివి పెట్టాలి. చదివించుకున్నాక కాగితం మడిచి దాచేసి, ఆ గీత మాత్రం తన చేత్తో తనే గీసుకునేది.

ఎన్ని గీతలున్నాయో నేను ఒక్కసారైనా లెక్కపెట్టలేదు. పెట్టె కోసం పోట్లాడిన పూట ఆ తలుపు ముందు నుంచి కనీసం పదిసార్లు నడిచి ఉంటాను.

అందుకే మిమ్మల్ని ఇంతగా బతిమాలుతున్నాను. ఏ వస్తువు తెచ్చుకోవాలన్నది తర్వాత చూసుకోవచ్చు. ఆ ఇంట్లో ఏది ఏమిటో చెప్పగల మనిషి ఇంకా ఉంది. గోడలు నిలబడి ఉండగానే చిన్నమ్మమ్మను ఒకసారి అక్కడికి తీసుకువెళ్లండి. ప్రయాణం చేయలేని స్థితిలో ఉంటే మీరు ఆ ఇంట్లోంచి వీడియో కాల్ చేసి గది గదీ చూపించండి. "అమ్మమ్మ గురించి చెప్పు" అని మాత్రం అడగకండి. అలా అడిగితే పెద్దవాళ్లు "ఏముంది తల్లీ, బంగారంలాంటి మనిషి" అని ఊరుకుంటారు. చేతికి అందేవాటి గురించి అడగండి. ఈ కిటికీ పక్కన ఎవరు కూర్చునేవాళ్లు? అటక మీద ఏముండేది, అక్కడికి ఎవరెక్కేవాళ్లు? రాత్రి గడియ ఎవరు వేసేవాళ్లు? అమ్మమ్మ ఒక్కత్తీ ఉండాలనుకుంటే ఎక్కడ కూర్చునేది? ఫోన్‌లో రికార్డింగ్ పెట్టి పక్కన బోర్లించండి, దాని వంక చూడకండి. ఆవిడ ఏళ్లు తప్పు చెప్పినా, పేర్లు కలిపేసినా దిద్దకండి. మాట ఆగిపోతే మీరు నింపకండి, ఆ మౌనం తర్వాతే అసలు మాట వస్తుంది. అరగంటకి అలసిపోతారు. అంతటితో ఆపి మర్నాడు మళ్లీ అడగండి.

మీకు తెలిసిన అమ్మమ్మ మిమ్మల్ని ఒళ్లో పడుకోబెట్టుకున్న మనిషి. మీరు పుట్టేటప్పటికే ఆవిడ సగం జీవితం అయిపోయింది. అలిగిన పిల్లగా, భయపడిన కొత్తకోడలిగా, మొదటిసారి తల్లయి ఏం చేయాలో తోచని మనిషిగా ఆవిడ చిన్నమ్మమ్మకి తెలుసు. ఆ మనిషిని మీరు ఇంకా కలవలేదు.

ఇక అత్తయ్య. ఉత్తరంలో ఆవిడ గురించి మీరు రాసింది ఒక్క వాక్యమే, కానీ నా మనసు అక్కడే ఆగిపోయింది. అమ్మా, మీకు అది సెలవుల ఇల్లు. మీరు వచ్చేసరికి పక్కలు పరిచి ఉండేవి, నీళ్లు కాగి ఉండేవి, దీపాలు తుడిచి ఉండేవి. పొద్దెక్కేదాకా మిమ్మల్ని ఎవరూ లేపేవాళ్లు కాదు. ఆ స్వర్గాన్ని అంత ముచ్చటగా ఉంచడానికి తెల్లవారకముందే ఎవరో ఒకరు లేచి ఉండాలి కదా? అమ్మమ్మ లేచేది, నిజమే. అమ్మమ్మ ఒంట్లో ఓపిక తగ్గాక ఎవరు లేచారు? చివరి రోజుల్లో ఆవిడని లేపి కూర్చోబెట్టింది, ఒళ్లు తుడిచింది, రాత్రిళ్లు పిలిస్తే పలికింది ఎవరు? మీ ఉత్తరంలో ఆ సంగతి లేదు, నేను ఊహించి తీర్పు చెప్పలేను. మీకు తెలిసే ఉంటుంది. "భారం దిగింది" అన్నమాట అమ్మమ్మ మీద ద్వేషంతోనే రానక్కర్లేదు. ఏళ్ల తరబడి ఎత్తిన చేతులు బరువు దించినప్పుడు నోట వచ్చే మాట అది.

ఆవిడతో మళ్లీ మాట్లాడండి. క్షమించడానికి కాదు, అడగడానికి. అమ్మమ్మ కోడలిగా అత్తయ్య చూసిన మనిషి వేరే. బహుశా ఆ మనిషి మీకు నచ్చకపోవచ్చు. కొడుకుల మీద పక్షపాతమో, మాట పట్టింపో, ఒక్కోసారి కటువో ఉండి ఉండొచ్చు. వినండి. మీరు ప్రేమించింది అబద్ధమైపోదు. పసిపిల్లకి అంత మెత్తగా దొరికిన మనిషి ఇంకొకరికి గరుకుగా తగలడం లోకంలో మామూలే. రెండూ తెలిస్తే ఆవిడ పటంలోంచి దిగి మళ్లీ మనిషవుతుంది.

మెట్ల మీంచి పడ్డది ఎవరు? ఈ తగువు మీ ఇంట్లోనే పుట్టిందనుకుంటున్నారేమో. 2001లో మెర్సిడెస్ షీన్, సైమన్ కెంప్, డేవిడ్ రూబిన్ అనే పరిశోధకులు కవలల జ్ఞాపకాలను పరిశీలించారు. ఒకే సంఘటన గురించి ఇద్దరూ "అది జరిగింది నాకే" అని గట్టిగా నమ్మిన సందర్భాలు వాళ్లకు ఎదురయ్యాయి. ఎవరూ అబద్ధమాడటం లేదు. కవలలు కాని తోబుట్టువుల్లో కూడా ఇది కనిపించింది. కలిసి పెరిగిన పిల్లలకు ఒకరికి తగిలిన దెబ్బ ఇంకొకరు కళ్లారా చూసిందే, ఆ తర్వాత వందసార్లు విన్నదే. ఏ జ్ఞాపకమూ పెట్టెలో పెట్టిన బట్టలా మడత చెడకుండా ఉండదు. తీసిన ప్రతిసారీ మనసు దాన్ని మళ్లీ అల్లుతుంది. అల్లేటప్పుడు అమ్మ చెప్పింది, ఫొటోలో చూసింది, అన్నయ్య ఏడుపు, మీ భయం అన్నీ కలిసిపోతాయి.

అయితే ఎవరో ఒకరు పడ్డ మాట నిజం. అమ్మమ్మ రాత్రంతా నిద్రపోకుండా కూర్చున్న మాట నిజం. ఆ రెండింటి మీదా మీ ఇద్దరికీ పేచీ లేదు. ఒళ్లో ఉన్నది ఎవరైనా, రెండోవాళ్లు ఆ పక్కనే ఎక్కడో పడుకుని ఆవిడ జోకొట్టడం వింటూనే ఉండాలి కదా! కాబట్టి రెండు కథనాలనూ పక్కపక్కనే రాసిపెట్టుకోండి, కొట్టివేతలు వద్దు. ఆ ఇంటికి ఒంటరిగా వెళ్లకండి, అన్నయ్యతోనే వెళ్లండి. అతను లేకుండా మీకు దొరికేది సగం ఇల్లే.

వెళ్లినప్పుడు ఒక పూటలో తిరిగి వచ్చేయకండి. వీలైతే ఒక రాత్రి అక్కడే పడుకోండి. డంకన్ గాడెన్, అలన్ బాడ్లీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు, నీళ్ల అడుగుకు దిగే డైవర్ల మీద చేసిన ఒక ప్రయోగాన్ని 1975లో ప్రచురించారు. నీళ్ల అడుగున విన్న మాటలు వాళ్లకి ఒడ్డుమీద కంటే నీళ్ల అడుగునే ఎక్కువగా గుర్తొచ్చాయి. ఒడ్డున విన్నవి ఒడ్డునే ఎక్కువగా గుర్తొచ్చాయి. మనసులో మాట చోటుతో కలిసి ముడిపడుతుంది, ఆ చోటికి వెళితే ముడి వదులవుతుంది. ఇక్కడ కూర్చుని ఎంత తన్నుకున్నా రానివి అక్కడ గడప దాటగానే వాటంతటవే రావచ్చు. నేలమీద కూర్చోండి, సిగ్గుపడకండి. మీ జ్ఞాపకాలన్నీ ఏడేళ్ల పిల్ల ఎత్తులో ఉన్నాయి. నిలబడి చూస్తే ఇల్లు చిన్నదైపోయినట్టుంటుంది, అది చాలామందిని కుంగదీస్తుంది. కూర్చుంటే కిటికీ మళ్లీ ఎక్కడుండాలో అక్కడికే వస్తుంది.

అటక మీద మూటలు ఉంటే ముందు వాసన చూడండి, తర్వాత దులపండి. పాత చెక్క వాసన, మూసిన గది వాసన, ఆవిడ చీరల పెట్టె వాసన. మిగతా ఇంద్రియాల కబురు మెదడులో థాలమస్ అనే మజిలీ దాటి వెళుతుంది. వాసన మాత్రం ఆ మజిలీలో ఆగకుండానే భావోద్వేగాలకూ జ్ఞాపకాలకూ సంబంధించిన భాగాలకు చేరుతుంది. 2006లో స్వీడన్ పరిశోధకులు వయసు మళ్లినవాళ్లను పరీక్షిస్తే, మాటలూ బొమ్మలూ చూసినప్పుడు పదేళ్లు దాటాక జరిగిన సంగతులు ఎక్కువగా గుర్తొచ్చాయి, వాసన చూసినప్పుడు పదేళ్లలోపువి గుర్తొచ్చాయి. ఆవిడ చీర ఒకటి దొరికితే ఉతకకుండా గాలి చొరని డబ్బాలో పెట్టుకోండి. వాసన ఎల్లకాలం ఉండదు. కాబట్టి మూత మాటిమాటికీ తీయకండి.

ఫొటోల విషయంలో ఒక జాగ్రత్త. ఫోన్ పట్టుకుని ఇల్లంతా తీసుకుంటూ పోతే ఏమీ చూడకుండానే బయటపడతారు. లిండా హెంకెల్ అనే పరిశోధకురాలు 2014లో ప్రచురించిన ప్రయోగంలో, మ్యూజియంలో వస్తువులను ఫొటో తీసినవాళ్లకి, ఊరికే చూసినవాళ్లకంటే తక్కువ గుర్తుంది. ఏదో ఒక భాగాన్ని దగ్గరగా జూమ్ చేసి తీసినవాళ్లకు ఆ నష్టం కలగలేదు. అందుకని మొదటి పూట ఫోన్ జేబులోంచి తీయకండి. రెండో పూట దగ్గరగా తీయండి: అరిగిపోయిన మెట్టు అంచు, చెయ్యి పడీ పడీ నునుపెక్కిన గడియ, ఆవిడ తల ఆనించుకునే చోట గోడమీద మరక. తలుపుల వెనక వైపులు మర్చిపోకండి. ఆ పైన ఒక కాగితం మీద ఇంటి పటం గీయండి, మీరొకటి, అన్నయ్యొకటి, ఒకరిది ఒకరు చూడకుండా. ఏ గది ఎవరు పెద్దదిగా గీశారో చూసుకుంటే మీకే ఆశ్చర్యమేస్తుంది.

పాత ఫొటోలు జిగురు పేజీల ఆల్బమ్‌లలో ఉంటే లాగి చింపకండి. పేజీతో సహా స్కాన్ చేయించండి, 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కల స్పష్టత) అయితే చిన్న ఫొటోకైనా సరిపోతుంది. ఎవరెవరో చిన్నమ్మమ్మ చేత చెప్పించి, విడిగా ఉన్న ఫొటోల వెనకవైపు మెత్తటి పెన్సిల్‌తో తేలిగ్గా రాయండి, బాల్ పెన్నుతో వద్దు. ఇది ఆలస్యం చేస్తే ఆ ముఖాలకు పేర్లు శాశ్వతంగా పోతాయి.

అమ్మమ్మ గొంతు గురించి మీరు రాసిన మాట నన్ను కదిలించింది. గొంతును తలచుకుని చెవిలో వినగలగడం అంత తేలిక కాదు, ఎంత ప్రేమించినవాళ్లదైనా సరే. తనంతట తాను గుర్తు రావడం వేరు, వినగానే గుర్తుపట్టడం వేరు. మొదటిది కష్టం, రెండోది ఎంతో సులువు. రేపు ఎక్కడైనా ఆవిడ ఒక్క మాట వినిపిస్తే మీరు వెంటనే పోల్చుకుంటారు. పోయింది గొంతు కాదు, దారి. కాబట్టి వెతకండి. కుటుంబంలో ప్రతి ఒక్కరినీ పాత ఫోన్లలో వాయిస్ మెసేజీలు, పిల్లల వీడియోలు చూడమనండి. వీడియోలో ఆవిడ కనిపించకపోయినా వెనకాల ఎక్కడో ఎవరినో పిలుస్తూ వినపడొచ్చు. ఆడియో క్యాసెట్లు దొరికితే చూద్దామని పాత టేప్ రికార్డర్‌లో పెట్టకండి. టేపు నలిగితే అంతే సంగతులు. డిజిటల్‌లోకి మార్చేవాళ్లకి నేరుగా ఇచ్చి మొదటిసారి తిప్పేటప్పుడే కాపీ తీయించండి. ఆ కాపీ కనీసం ఇద్దరి దగ్గర ఉండాలి, వేర్వేరు ఇళ్లలో.

ఏమీ దొరక్కపోతే? అప్పుడు మాటలు పోగుచేయండి. మనవలందరినీ ఆవిడ తరచూ అనే మాటలు రాసి పంపమనండి. ఎవరిని ఏ ముద్దుపేరుతో పిలిచేది, కోపమొస్తే ఏమనేది, పొద్దుగూకితే పిల్లల్ని లోపలికి ఎలా కేకేసేది. ఆవిడ యాసలోనే రాయాలి, పుస్తకాల తెలుగులోకి మార్చకూడదు. తర్వాత వాటిని బిగ్గరగా చదవండి. మీ గొంతులోనే ఆవిడ విరుపు ఒకటి బయటపడితే బెదిరిపోకండి. మా ఇంట్లో అందరూ నా 'ఊఁ' అచ్చం నాయనమ్మదే అంటారు, నాకు తెలియనే తెలియదు.

ఇది చదివి మీ పిల్లలకి కూడా చూపించాలని మీకనిపిస్తే, వాళ్లకి ఇల్లు చూపించి ఊరుకోకండి, మీరో అన్నయ్యో పడ్డ మెట్లు చూపించండి. వాళ్లకి కావలసింది మీరు చిన్నపిల్లగా చేసిన తప్పులు. ముత్తవ్వ సంగతులు వాటి వెనకాలే వస్తాయి.

ముందు అన్నయ్యకి ఫోన్ చేయండి, ఈ వారంలోనే. పడ్డది ఎవరని మళ్లీ ఎత్తకండి. ఆ చప్పుడు విని అమ్మమ్మ ఏ గదిలోంచి పరుగెత్తుకు వచ్చిందో, ఆ సమయంలో ఆవిడ చేతిలో ఏముందో, అతనికి గుర్తుందేమో అడగండి.